బెల్లం రంగు బంపరు

దేవుడి బొట్టును, రంగు పనిలో జిడ్డు తీసే తిన్నరు గుడ్డతో తుడవడం మర్యాద తప్పడమా, తుడవకపోవడం పని తప్పడమా? ఇన్నేళ్లు గడిచినా దీనికి నా దగ్గర జవాబు లేదు. చదివిన పుస్తకాల్లో ఎక్కడైనా దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు. ఇది మొదట నాకు పుట్టిన ప్రశ్న కాదు. మా పక్కింటి మస్తాన్ వలిది. అతనికైనా చివరికి జవాబు తెలిసి ఉంటుందని అనుకోను.

చిత్తూరు సంతపేటలో మా రెండిళ్లకూ మధ్య ఒక మొండిగోడ ఉండేది. వెనక ఒకటే కొళాయి. నేను ఆ ఇంట్లోకి అద్దెకు వచ్చేసరికే అతను నడివయసు దాటినవాడు. సన్నటి మనిషి. గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఇరుక్కుని ఉండేది. దాన్నిబట్టి అతని పెరట్లో ఏ పని నడుస్తోందో వీధివాళ్లు చెప్పేసేవారు. తండ్రి జట్కా బళ్లకు రంగులు వేసేవాడట. జట్కాలు పోయాక ఇతను లారీలకు వేశాడు. తలుపుల మీద నెమళ్లు, వెనక చెక్క మీద తామరపూలు. ఆ తర్వాత లారీలకు బాడీ కట్టేచోటే రంగు కూడా వేసి పంపడం మొదలైంది. మస్తాన్ వలి పెరడు ఖాళీ అయింది. ఇక ఇనప బీరువాలు, పసిపిల్లల ఊయెలలు, ఎప్పుడైనా ఒక స్కూటరు.

వేలూరులో అల్లుడికి పెద్ద షెడ్డు ఉండేది. వచ్చెయ్యమని మనిషి మీద మనిషిని పంపేవాడు. మంచివాడే. అయినా ఆ మాట వస్తే చాలు మస్తాన్ వలి ముఖం చిన్నబోయేది.

“ఆడికి పోతే మామకు అన్నం పెడతారప్పా. గన్ను మాత్రం ఇయ్యరు. నిన్న మొన్న వచ్చినోళ్లు రంగు కొడతా ఉంటే నేను కుర్చీలో కూసోని సూస్తా ఉండాల,” అన్నాడు ఒకసారి కొళాయి దగ్గర.

గన్ను అంటే రంగు చిమ్మేది. దాన్ని పాత చీర ముక్కలో చుట్టి అటక మీద కాకుండా తలగడ పక్కన పెట్టుకునేవాడని అతని భార్య రహిమున్నీసా నవ్వేది.

ఎనభైలు సగం దాటాక ఊళ్లోకి చిన్న కార్లు వచ్చాయి. వాటి బంపర్లు ఇనుము కావు, ప్లాస్టిక్కు. నల్లగా ఉండేవి. బెల్లం మండీ తిరుమలయ్య ఒక తెల్లకారు కొన్నాడు. కాణిపాకంలో పూజ చేయించుకుని, బండికి వేసిన పూలదండ వాడకముందే దాన్ని మా వీధిలోకి తెచ్చి ఆపాడు.

“ఏం మస్తానూ, నెమళ్లు రాసింది సాలు, దీని మొగం సూడు! తెల్లంగా స్నానం చేయించి మూతికి మసి పూసి పంపించినారు.”

ఆయన భార్య భారతమ్మ కారులోంచే అంది, “కొత్తబండికి ముందర నలుపు ఉండకూడదని మా అత్త అప్పుడే అనింది. ఈయన యాడ వింటాడు?”

“ఏం రంగు కావాల సామీ?”

తిరుమలయ్య చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో బెల్లం ముక్క. ఆ పొద్దున్నే మండీలో దిగిన కొత్త బెల్లం, ఇంకా లోపల వెలుగున్నట్టు ఉంది.

“ఇదీ రంగు. అచ్చం ఇదే. నా కారు వస్తా ఉంటే మండీ నడిచొచ్చినట్టు ఉండాల.”

మస్తాన్ వలి ఆ ముక్కను ఎండలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. చిన్న పలుకు విరిచి నోట్లో వేసుకున్నాడు.

“తినేదానికి ఇయ్యలేదబ్బా!”

“రంగు యాడ నుంచి వచ్చిందో తెలియాల గదా సామీ.” తర్వాత నెమ్మదిగా అన్నాడు, “ప్లాస్టిక్కుకు రంగు పట్టదంటారు. కొంచెం గడువు ఇయ్యండి.”

“తీసుకో. నిలబడిందంటే మండీ వీధిలో ఉండే కార్లన్నీ నీ గుమ్మం ముందరే ఉంటాయి పో.”

ఆ తర్వాత మస్తాన్ వలి నోట వేలూరు మాట రాలేదు. బంపర్లు రెండూ విప్పించి ఇంట్లో పెట్టుకున్నాడు. వాటి మీద చెయ్యి వేసేముందు ఇంట్లో ఉన్న ప్లాస్టిక్కు సామానంతా పెరట్లోకి తెచ్చాడు. బకెట్లు, చెంబులు, పగిలిన జల్లెడ. ఇనుముకు వేసే పద్ధతిలోనే మొదట వేశాడు. ఎండలో పెడితే అందంగా మెరిసింది. మర్నాడు గోరు పెట్టి లాగితే ఉల్లిపొరలాగా మొత్తం ఊడివచ్చింది.

“ఇంట్లో బకెట్లన్నీ పెండ్లికూతుర్లయినాయి. నీళ్లు పట్టేదానికి మాత్రం ఒక్కటీ లేదు,” అంది రహిమున్నీసా, మా చెంగమ్మ దగ్గర బిందె అడగడానికి వచ్చి. చెంగమ్మ మా ఆవిడ.

బెల్లం ముక్కతో ఇంకో తంటా. వానగాలికి అది చెమ్మగిల్లి రోజురోజుకూ ముదురుతోంది. రహిమున్నీసా దాన్ని చూపించి, “మీరు రంగు కలిపేలోగా ఇది మల్లా ఆ నల్ల బంపరు రంగుకే వచ్చేస్తాది,” అని మొగుణ్ని ఆట పట్టించింది. అతను నవ్వలేదు. ఆ ముక్కను చీమలకు వదిలేసి, మొదటి రోజు చూసిన రంగును తలుచుకుంటూ పసుపూ ఎరుపూ గోధుమా కలుపుతూ కూర్చున్నాడు.

చివరికి పద్ధతి చిక్కింది. మొదట తిన్నరు తడిపిన గుడ్డతో ఒక్కసారి గబగబా తుడిచి, సోడాతో కడిగి, నీళ్లు పోస్తూ గరుకు కాగితంతో అంతటా రుద్దాలి. ఆగితే తిన్నరు ప్లాస్టిక్కును తినేస్తుంది, తుడవకపోతే జిడ్డు పోదు. ఆ తర్వాత మంచులాగా పలచటి పొరలు, ఒకటి ఆరాక ఒకటి. అట్లా వేసిన నీళ్లచెంబు ఒకటి బొటనవేలి గోటికి లొంగలేదు. అది అచ్చం కొత్త బెల్లం రంగు. దాన్ని తెచ్చి మా ఉమ్మడి కొళాయి పక్కన మేకుకు తగిలించాడు.

“వాడండప్పా. మీ ఇంట్లోవాళ్లను కూడా వాడమనండి. ఎంత మోటుగా వాడితే నాకంత మేలు.”

బంపర్లకు రంగు వేసినరోజు పెరడంతా నీళ్లు చల్లి, దుమ్ము రాకుండా చుట్టూ తడి చీరలు కట్టాడు. నేను గోడకు ఇవతల మెట్టు మీద పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను కానీ చూపంతా అటే. వెనక బంపరు పని చకచకా అయిపోయింది. ముందుదాన్ని ముక్కాలిపీటల మీదికి ఎక్కించి, గుడ్డ తిన్నరులో ముంచి, అట్లాగే నిలబడిపోయాడు. దాని మీద మూడు బొట్లున్నాయి. ఉత్త కుంకుమ ప్లాస్టిక్కు మీద నిలవలేదని భారతమ్మ దాన్ని నువ్వులనూనెలో తడిపి గుడిముందు తన చేత్తో పెట్టిందట. బాగా పట్టుకుని ఉన్నాయి.

అతను తిన్నరు గుడ్డను పక్కన పెట్టేశాడు. ఇంట్లోకి వెళ్లి ఉతికిన తెల్లగుడ్డ తెచ్చి, మంచినీళ్లలో తడిపి, పసిబిడ్డ ముఖం తుడిచినట్టు ఆ మూడు బొట్లూ తుడిచాడు. ఆ ఎర్రనీళ్లను ఎవరి కాళ్లూ పడని చోట, జామచెట్టు మొదట్లో పోశాడు. తర్వాత మళ్లీ తిన్నరు గుడ్డ అందుకున్నాడు. అది బొట్లు ఉన్న చోటుదాకా వెళ్లి, చుట్టూ తిరిగి, వాటిని దాటిపోయింది. సోడా నీళ్లూ, గరుకు కాగితమూ అంతే.

బాగుందనిపించింది నాకు. మంచి మనిషి అనుకున్నాను. అంతకు మించి ఏమీ తోచలేదు.

కారు బయలుదేరిన రోజు వీధంతా వచ్చి చూసింది. మండీలో ఎవరో బంపరును వేలితో తాకి, ఆ వేలు నాకి, “తీపి సాల్లేదు సావుకారీ” అన్నారట. ఆ కబురు చెప్పి తిరుమలయ్య పగలబడి నవ్వాడు. పలమనేరు నుంచి పాల వ్యాపారి ఒకతను తన కారుకు కూడా వేయించుకుంటానని చెప్పిపోయాడు. మస్తాన్ వలి పెరట్లో రేకుల చావడి వేయడానికి గుంజలు పాతాడు. అల్లుడి మనిషి వస్తే టీ ఇచ్చి, “పని ఉండాది, రాలేనని చెప్పు” అని పంపేశాడు. అతను అంత గట్టిగా మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే.

వినాయకచవితికి తిరుమలయ్య భార్యతో కలిసి మళ్లీ కాణిపాకం వెళ్లాడు. దారంతా వాన, బురద. గుడికి ముందు కారు ఆపి, ముందుభాగం నీళ్లు కొట్టి కడుగుతుంటే బంపరు మీద మూడు చోట్ల రంగు బుడగలు లేచి ఊడిపోయింది. గుండ్రంగా, బొట్టంత బొట్టంత. లోపల నలుపు. సరిగ్గా భారతమ్మ వేలు పెట్టిన చోట్లలోనే.

సాయంత్రం కారు మా వీధిలోకి వచ్చింది. ఆమె దిగలేదు. తిరుమలయ్య కోపంగా కూడా లేడు. అలసిపోయినట్టు ఉన్నాడు.

“మిగతా అంతా రాయి మాదిరిగా ఉండాది. ఈ మూడు తావుల్లోనే ఎందుకు లేచింది మస్తానూ?”

మస్తాన్ వలి వంగి చూశాడు. తాకలేదు.

“మల్లా వేసిస్తాను సామీ. రెండు దినాలు ఇయ్యండి.”

“వేసేది కాదు నేనడిగేది. ఆడ ఏం చేసినావు?”

కారులోంచి భారతమ్మ గొంతు వినిపించింది. “నా చేత్తో పెట్టినాను. మూడు బొట్లకు మూడు మచ్చలు. మొక్కేదానికి పోయి దేవుని ముందర మచ్చల మొగంతో నిలబడినాము.” ఏడుస్తోంది.

తిరుమలయ్య గొంతు తగ్గించాడు. “మా ఆడమనిషి ఏందేందో అనుకుంటా ఉండాది. నువ్వట్లాంటోడివి కాదని నాకు తెలుసు. ఆమెకు తెలియాల గదా. రేపు నాతో కాణిపాకం రా. అన్ని తావులా ఒకటే పని చేసినానని ఒక్క మాట ప్రమాణం చెయ్యి. సాలు. ఇంగ ఎవురూ ఏమీ అనరు.”

మా జిల్లాలో ఆ గుడి ముందు అబద్ధం చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. ఏ మతంవాళ్లయినా అంతే. మస్తాన్ వలి ఇంటి గడప వైపు చూశాడు. అక్కడ కర్టెన్ వెనక రహిమున్నీసా నిలబడి ఉంది. తర్వాత తన చేతులు చూసుకున్నాడు.

“ఆ మాట చెప్పలేను సామీ.”

“చెప్పలేవా?”

“లేను.”

తిరుమలయ్య ఒకసారి బంపరు వైపు చూశాడు. ఆ తర్వాత “సరే పో” అని కారెక్కాడు. ఆ సరే పో అన్నదాంట్లో తిట్టు లేదు. అందుకే నాకు మరీ కష్టంగా అనిపించింది.

కొన్నాళ్లకు ఆ కారు మండీ వీధిలో కనబడింది. బంపర్లు మళ్లీ నల్లగా ఉన్నాయి. పలమనేరు మనిషి రాలేదు. ఊళ్లో ఎవరూ మస్తాన్ వలిని నిందించినట్టు నేను వినలేదు, అతని పేరు వస్తే మాట మార్చడం మాత్రం చూశాను. పాతిన గుంజల మీద రహిమున్నీసా బట్టలు ఆరేసుకునేది.

ఒకరోజు కొళాయి దగ్గర అతనే చెప్పాడు. నేను గోడ మీంచి చూసిందానికి అర్థం అప్పుడు తెలిసింది. నీళ్లతో ఎరుపు పోయింది. నూనె పోలేదు. గరుకు కాగితం తగలని చోట, తిన్నరు తగలని చోట, నూనె మీదే రంగు కూర్చుంది.

“ఉండే మాట ఆయనకు చెప్పరాదా మస్తానన్నా?”

“ఏమని చెప్పేదప్పా? మీ దేవుని బొట్టు వల్లనే రంగు పోయిందనా? అదీ నా నోటితోనా?”

“నేను చెప్తాను.”

“వొద్దు. ఆ తల్లి ఇప్పుడు నన్ను అనుకుంటా ఉండాది. నిజం తెలిస్తే తన చెయ్యిని అనుకుంటుంది.” చెంబుతో నీళ్లు ముంచి చేతుల మీద పోసుకున్నాడు.

“తిన్నరుతో తుడిచుంటే ఎవరికి తెలిసేది?”

“ఎవురికీ తెలియదు. అయినా చెయ్యి పోలేదు.” చెంబును మేకుకు తగిలించాడు. “పనోడైతే తుడిచేసుండాల. మా నాయన తుడిచేసేవాడేమో. అదే నాకు తెలీడం లేదప్పా.”

ఆ తర్వాత ఆ గన్ను చప్పుడు మా పెరట్లో వినబడలేదు. తలగడ పక్కనుంచి అటక మీదికి వెళ్లిందని చెంగమ్మ చెప్పింది.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున నేను వెనక మెట్టు మీద కూర్చుని చదువుకుంటున్నాను. వాళ్ల ఇంటి ముందు రిక్షా ఆగిన చప్పుడైంది. ట్రంకుపెట్టె ఎత్తుతున్న చప్పుడు, రహిమున్నీసా ఏదో మెల్లగా అంటున్న గొంతు. వేలూరు బస్సుకని తెలుస్తూనే ఉంది. ఇటు వస్తాడని పుస్తకం మూసి పెట్టుకున్నాను.

వచ్చాడు. కానీ కొళాయి దగ్గరికి. ఉతికిన చొక్కా, చంకలో చీర ముక్కలో చుట్టిన గన్ను. కొళాయి తిప్పి, ముఖం కడుక్కుని, ఆ బెల్లం రంగు చెంబును చేతిలోకి తీసుకుని చూశాడు. అంతకాలం రెండిళ్లవాళ్లం మోటుగా వాడిన చెంబు అది. అంచు మీద బొటనవేలి గోరు పెట్టి గట్టిగా గీశాడు. మళ్లీ ఇంకోచోట గీశాడు. రంగు లేవలేదు.

దాన్ని మేకుకు తగిలించి, కొళాయి చుక్కలు పడకుండా బిగించి, తల ఎత్తకుండా ఇంట్లోంచి వీధిలోకి వెళ్లిపోయాడు. నేను లేచి నిలబడే ఉన్నాను. ముందు తలుపు మూసిన చప్పుడూ, ఆ వెంటనే రిక్షా గంటా వినిపించాయి.