కుడి మేజోడులో చింతగింజ

అబద్ధమాడి పట్టుబడటం వింతేమీ కాదు. కొందరు కుర్చీలో పట్టుబడతారు, కొందరు మంచంలో, ఇంకొందరు సినిమాహాలు బయట సమోసా నోట్లో ఉండగా. నేను మాత్రం గాలిలో పట్టుబడ్డాను. బొల్లారం దాటాక ఒక ప్రహరీగోడ పక్కన, రెండు కాళ్ళూ నేలకు తగలకుండా, చేతులు ఆకాశానికి చాచి ఉండగా, మా మేనేజరు గారికీ, మా ఆవిడకీ, మా చర్చి సోదరికీ ఒకేసారి దొరికిపోయాను. ఆఫీసు కాగితాల ప్రకారం ఆ సమయానికి నేను మోకాలి నొప్పితో అడుగు కింద పెట్టలేక మంచం మీద మూలుగుతూ ఉండాలి.

ఇది రాయడానికి ముందు ఆనాటి డైరీ తీసి చూశాను. రోజూ పేజీ నిండా రాసే అలవాటున్న నేను ఆ రోజు రాసుకున్నది ఒకటే మాట: "ఛీ."

జరిగినది మరీ పాత కథేమీ కాదు. నేను రిటైరవడానికి కొద్దికాలం ముందు, అంటే బుద్ధి వచ్చి ఉండవలసిన వయసులోనే. బేగంపేటలో ఒక బీమా ఆఫీసులో, క్లెయిముల విభాగంలో పనిచేసేవాణ్ణి. నా పనేమిటో వింటే మీరే నవ్వుతారు. లేని నొప్పి చూపించి డబ్బు అడిగేవాళ్ళను పట్టుకోవడం. ఇతరుల దొంగ మోకాళ్ళు, దొంగ నడుములు పట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడని పేరు.

అలాంటివాడికి ఈ గతి ఎందుకు పట్టిందంటే, నిద్ర వల్ల. మా చర్చివాళ్ళం ఏటా బస్సు మాట్లాడుకుని మెదక్ చర్చికి వెళ్ళివస్తాం. బస్సు కదిలితే చాలు, నేను ఉయ్యాల్లో పసిబిడ్డనైపోతాను. చిలకలగూడలో మూసిన కళ్ళు మెదక్‌లో తెరుస్తాను. తిరుగు ప్రయాణంలోనూ అంతే. ఆ రెండు ఊళ్ళ మధ్య సముద్రం ఉందన్నా నమ్మాల్సిందే.

"దారిలో ఆ చెరువు ఎంత బాగుందండీ!" అంటుంది మా ఆవిడ కరుణ.

"ఏ చెరువు?"

"మీరు గురక పెట్టిన చోటిది."

"నేను గురక పెట్టిన చోటా?"

"అవునండీ, ఆ దారంతా మీదే కదా."

రిటైరయ్యేలోపు ఆ దారిని ఒక్కసారైనా మెలకువగా చూడాలని పట్టుదల పుట్టింది. వాహనాన్ని నమ్మలేను. ఆలోచించగా ఆలోచించగా, నడుస్తూ ఎవరూ నిద్రపోరని తట్టింది. అంతే, మెదక్‌కు నడిచి వెళ్ళాలని తీర్మానించుకున్నాను. తెల్లవారుజామునే బయలుదేరి, ఎండ ముదిరితే ఆగి, మొదటి మజిలీ మేడ్చల్‌లో కరుణ పిన్నిగారింట. మిగతా మజిలీలూ అంత పద్ధతిగానే ఏర్పాటు చేశాను. ఏర్పాటు చేయలేనిది ఒక్కటే, సెలవు.

మా మేనేజరు నర్సింగరావు గారు మంచి మనిషి. మంచి మనుషుల దగ్గర సెలవు తీసుకోవడం ఎంత కష్టమో ఉద్యోగాలు చేసినవాళ్ళకు తెలుసు.

"నాలుగు రోజులు సెలవు కావాలి సార్."

"పెండ్లా?"

"కాదు సార్."

"ఎవరన్న పోయిండ్రా?"

"దేవుడి దయవల్ల అందరూ బాగున్నారు."

"మరేందయ్యా?"

"మెదక్ దాకా నడిచి వెళ్దామని."

ఆయన కళ్ళజోడు తీశారు. "బస్సులు బంద్ ఉన్నయా?"

"లేదు సార్."

"మరి నడుసుడేంది?"

"ఊరికే సార్. దారి చూద్దామని."

"ఊరికేనా!" అన్నారాయన, నేనేదో బ్యాంకు దోచుకుంటానన్నట్టు. "దేవసహాయం, మార్చి నెత్తిమీదికొచ్చింది. క్లెయిములు గుట్టలు గుట్టలున్నయ్. బస్సుల కిడికి పక్కన కూసో, తొవ్వ మంచిగ కనబడ్తది. ఆదివారం పోయి రా."

కిటికీ పక్కన కూర్చుంటే నిద్ర ఇంకా త్వరగా వస్తుందని ఆయనకు ఎలా చెప్పను?

నిజం చెబితే సెలవు రాలేదు కాబట్టి, ఇక పద్ధతిగా అబద్ధం వెతకసాగాను. జ్వరమా? ఎవరైనా నుదుటి మీద చెయ్యి వేస్తే తేలిపోతుంది. బంధువుల చావా? బతికున్నవాళ్ళను చంపడానికి మనసొప్పలేదు, పోయినవాళ్ళను మళ్ళీ చంపడానికి ధైర్యం చాలలేదు. చివరికి నా వృత్తి జ్ఞానమే దారి చూపింది. క్లెయిముల్లో తేలనిది మోకాలి నొప్పి. లోపలుంటుంది, కనబడదు, ఎంతకాలమైనా ఉండొచ్చు. ఆ రాత్రి డైరీలో "మోకాలు, ఖాయం" అని రాసుకుని కింద గీత గీశాను.

నడవడానికి సెలవు కావాలి, అందుకోసం నడవలేకపోవాలి. ఇందులో ఏదో తేడా ఉందని మీకు వెంటనే తెలిసిపోయింది కదా? నాకు తెలియలేదు.

మర్నాటి నుంచి ఆఫీసులో కుంటడం మొదలుపెట్టాను. మొదటి పూట బ్రహ్మాండంగా సాగింది. మధ్యాహ్నం భోజనం చేసి లేస్తే అకౌంట్స్‌లో పనిచేసే సుగుణమ్మ ఎదురైంది. ఆమెది మా చర్చే. వెన్నలాంటి మనసు. ఎవరు తుమ్మినా చర్చి వాట్సాప్ గ్రూపులో ప్రార్థన విన్నపం పెట్టే తల్లి.

"అన్నా, పొద్దున కుడికాలు కదా కుంటారు?"

నేను కిందికి చూసుకున్నాను. కుంటుతున్నది ఎడమ కాలు. "అదీ... ఇటు కూడా పాకింది సుగుణమ్మా."

"అయ్యో ప్రభువా, రెండోదానికి కూడానా!" అంటూ ఆమె కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. గ్రూపులో మాత్రం పెట్టవద్దని బతిమాలుకున్నాను.

ఇలా లాభం లేదని మర్నాడు కుడి మేజోడులో, మడమ కింద, ఒక చింతగింజ పెట్టుకుని వచ్చాను. కాలు మోపితే చాలు, ఏది కుంటాలో అదే చెప్పేది. ఆ గింజ పుణ్యమా అని నా కుంటు ఎంత సహజంగా తయారైందంటే, ఎవరైనా ఆ నడకతో క్లెయిముకు వస్తే నేనే సంతకం పెట్టేసేవాణ్ణి.

వారం తిరిగేసరికి నర్సింగరావు గారే నన్ను పిలిచి కుర్చీ జరిపారు. "జెర మెల్లగ కూసో. మా అమ్మకు సుత గిదే తక్లీఫ్. మూడేండ్లాయె గేటు దాటక. నీకట్ల గావొద్దు. వారం రోజులు రెస్ట్ తీస్కో. మంచం దిగితే నా మీద ఒట్టు."

నాలుగు రోజులు అడిగితే రానివాడికి వారం వచ్చింది! ఆయన ఇంటినుంచి తెచ్చిన నూనె సీసా కూడా చేతిలో పెట్టారు. సిగ్గుపడాల్సిన మనిషిని, ఆ సీసా సంచిలో ఎక్కడ సర్దుకోవాలా అని ఆలోచించాను.

ఇంట్లో కరుణతో ఒకటే మాట అన్నాను. "సెలవు ఇచ్చారు."

"నడవడానికని చెబితే ఇచ్చారా? ఎంత మంచివారండీ!"

"చాలా మంచివారు," అన్నాను. అందులో అబద్ధం లేదు.

మర్నాడు చీకటి వీడకముందే చిలకలగూడలో బయలుదేరాను. మేనేజరు గారు పరామర్శకు ఫోన్ చేస్తారేమోనని ఫోన్ ఆపేశాను. చింతగింజను ఇంట్లోనే వదిలేశాను. ఆహా, ఆ నడక ఏమని చెప్పను! సన్నటి చలి, కంటోన్మెంటు రోడ్లమీద రాలిన ఆకుల చప్పుడు, వీపున సంచిలో కరుణ కట్టిచ్చిన చపాతీలు. రోడ్డుకు రెండు పక్కలా ఏదో ఒకటి ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. దారిలో తెలిసినవాళ్ళు స్కూటర్లు ఆపి "ఎక్కండి, దింపుతా" అన్నారు. "వద్దండీ, ఎక్కితే నిద్రపోతాను" అంటే భయపడి వెళ్ళిపోయారు.

బొల్లారం దాటాక ఒక ప్రహరీగోడ మీదుగా చింతకొమ్మ రోడ్డు మీదికి వంగి ఉంది, నిండా కాయలతో. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. ఎగిరాను, అందలేదు. సంచి దించి ఇంకొంచెం వెనక్కి వెళ్ళి పరిగెత్తుకొచ్చి ఎగిరాను, ఆకులు అందాయి. మూడోసారి ఒంట్లో ఉన్న బలమంతా మోకాళ్ళలోకి తెచ్చుకుని ఎగిరాను. కాయ చేతికి అందింది. సరిగ్గా అప్పుడే వెనక కారు హారన్ మోగింది.

గాలిలోనే తల తిప్పి చూశాను. అది నర్సింగరావు గారి కారు.

ఇక్కడ ఒక్క నిమిషం నన్ను గాలిలోనే ఉంచి, వాళ్ళు ఎలా వచ్చారో చెబుతాను. పొద్దున్నే సుగుణమ్మ ఇక ఆగలేక గ్రూపులో విన్నపం పెట్టింది: "దేవసహాయం అన్న రెండు మోకాళ్ళూ పనిచేయక మంచంలో ఉన్నారు, అందరూ ప్రార్థించండి." అది చదివి కరుణకు గుండె జారింది. నాకు ఫోన్ చేస్తే ఆపేసి ఉంది. సుగుణమ్మ దగ్గర నంబరు తీసుకుని మేనేజరు గారికి ఫోన్ చేసింది.

"ఇంట్ల లేడా? మరి యాడున్నడమ్మా?"

"మెదక్‌కు నడిచి వెళ్తున్నారండీ."

ఆయన అక్కడే నన్ను పట్టేసుకోవాల్సింది. కానీ చెప్పాను కదా, మంచి మనిషి. "అయ్యో! మోకాళ్ళ కోసం మొక్కుకున్నట్టున్నడు! నన్ను నాలుగు రోజులు అడిగితే బస్సుల పొమ్మన్న. గా పాపం నాకు తగుల్తది," అని కారు తీసి, దారిలో ఇద్దరినీ ఎక్కించుకుని బయలుదేరారు.

ఇక నేను నేలమీద పడవచ్చు.

పడ్డాను. పడీ పడగానే కుంటడం మొదలుపెట్టాను.

"దేవసహాయం!" అంటూ నర్సింగరావు గారు కారు దిగారు. "ఎగురుతున్నవేందయ్యా?"

"నొప్పి సార్. నొప్పి ఎక్కువైతే అలా ఎగిరెగిరి పడుతున్నాను."

"చేతిల చింతకాయేంది?"

"పడిపోకుండా పట్టుకున్నాను సార్."

"కాయనా?"

"కొమ్మని పట్టుకోబోతే కాయ వచ్చింది సార్."

ఇంతలో సుగుణమ్మ రెండు చేతులూ పైకెత్తింది. "దాచకన్నా! మేం మూడుసార్లూ చూశాం! గెంతుతున్నావ్! ప్రార్థన పెట్టి గంటన్నా కాలేదు, స్వస్థత వచ్చేసింది! స్తోత్రం!"

నర్సింగరావు గారు నోరు తెరిచి నా మోకాళ్ళ వైపు చూశారు. నేను కరుణ వైపు చూశాను. కిందటి వారమే నేను స్టూలెక్కి అటకమీది ట్రంకుపెట్టె దించడం ఆమె కళ్ళారా చూసింది. ఆమె నా కాళ్ళకేసి చూసి, చాలా తియ్యగా అడిగింది. "ఏమండీ, నొప్పి కుడికాలికేనా?"

"అవును, కుడికే."

"మరి ఎడమది కుంటుతున్నారేం?"

చింతగింజ ఇంట్లో ఉంది. నేనేం చెయ్యను?

"స్వస్థత కొత్తది కదమ్మా, ఇంకా తడబాటు ఉంటుంది," అంది సుగుణమ్మ. "అన్నా, నొప్పి ఎలా పోయిందో ఆదివారం చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి."

"తప్పకుండా చెబుతారు," అంది కరుణ. అదే ఆమె నాకు వేసిన శిక్ష.

నన్ను కారెక్కించి ఇంటికి తెచ్చేశారు. ఆదివారం వచ్చింది. ఏదో దేవుని దయ, అందరి ప్రేమ అని గాలిలో నాలుగు మాటలు చెప్పి దిగిపోదామని సిద్ధపడి వెళ్ళాను. గాలిలో ఉండటం నాకు కొత్త కాదు కదా. కానీ చర్చి మెట్ల దగ్గర నర్సింగరావు గారు తల్లిని కారులోంచి దింపుతున్నారు. లక్ష్మమ్మ గారు, మూడేళ్ళుగా గేటు దాటని మనిషి, చేతికర్ర పట్టుకుని నా కోసం వచ్చింది.

"నువ్వేనా బిడ్డా ఎగిరినోనివి?" అని నా చెయ్యి పట్టుకుంది. "నాగ్గూడ గట్లయితదా?"

ఆ చెయ్యి వదిలించుకుని వేదిక ఎక్కేసరికి, సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ముందు వరుసలో ఆమె నా మోకాళ్ళనే చూస్తోంది. ఇంత ఆశ పెట్టుకుని చూసే మనిషి ముందు అబద్ధం నిలబడలేదు.

"నాకు మోకాలి నొప్పి లేదు," అన్నాను మైకులో.

"ఆమెన్!" అంది సుగుణమ్మ.

"ఇప్పుడే కాదు, మొదటినుంచీ లేదు. సెలవు కోసం కుంటినట్టు నటించాను."

పాస్టరు గారు బైబిల్‌తో ముఖం కప్పుకున్నారు. భుజాలు కదులుతున్నాయి కాబట్టి ఏడుస్తున్నారనుకున్నాను. నర్సింగరావు గారి ముఖం క్లెయిము తిరగ్గొట్టినప్పటి రంగులోకి మారింది. అప్పుడు లక్ష్మమ్మ గారి నవ్వు వినిపించింది. కర్ర నేలకేసి కొడుతూ నవ్వింది.

"ఊకో నర్సింగ్, కోపం జెయ్యకు! నువ్వు బడికి ఎగనామం పెట్టనీకి కడుపునొస్తుందని పొర్లలే? నువ్వు సుత గింత మంచిగ జెయ్యలే!"

ఇంక చర్చి చర్చిలా లేదు. సుగుణమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుంది.

తీర్పు కూడా లక్ష్మమ్మ గారే చెప్పింది. "డాక్టరు నన్ను దినాం నడవమన్నడు. తోడెవ్వరున్నరు? గీనికి టైం లేదు. నీకు నడుసుడంటే పానం గదా, సెలవు సుత మిగిలింది. వచ్చి నన్ను నడిపియ్యి."

అలా నా సుదీర్ఘ పాదయాత్ర పద్మారావునగర్‌లో వాళ్ళ గేటు దగ్గర షురూ అయింది. మొదటి రోజు గమ్యం పక్కింటి గేటు. ఆ వారంలో ఇస్త్రీ బండి దాకా చేరాం. సెలవు అయిపోయినా, ఆఫీసు నుంచి వస్తూ రోజూ సాయంత్రం ఆగేవాణ్ణి. ఆమె ప్రతి గేటు దగ్గరా ఆగి లోపలివాళ్ళను పిలిచి, "గీనే, ఎగిరినోడు" అని పరిచయం చేసేది. ఆ దారిలో ప్రతి గుంతా, ప్రతి కుక్కా నాకు తెలుసు. ఒక దారిని మెలకువగా చూడాలన్న నా కోరిక ఆ విధంగా తీరింది. మెదక్ దారిలోని ఆ చెరువును మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు.

ఇప్పుడు రిటైరయ్యాను. కావలసినంత తీరిక ఉంది. రేపే మెదక్ బయలుదేరవచ్చు. కానీ ఈ చలికాలం నుంచి నా మోకాలు నిజంగానే నొప్పి పెడుతోంది.

"కరుణా, మోకాలు సలుపుతోంది," అన్నాను మొన్న.

ఆమె పేపరులోంచి తల ఎత్తలేదు. "ఇప్పుడెవరి దగ్గర సెలవు కావాలండీ?"

కాబట్టి చిలకలగూడ సాక్షిగా, నా డైరీలన్నిటి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నా ఒంట్లో ఏ భాగం గురించీ అబద్ధమాడను. నడవాలనిపిస్తే నడుస్తానని, నిద్ర వస్తే నిద్రపోతానని నిజమే చెబుతాను. మరొకరి గోడమీది చింతకొమ్మకేసి తలెత్తి చూడను. చూసినా ఎగరను.

ప్రమాణం చేశాక నిన్న సాయంత్రం లక్ష్మమ్మ గారింటికి వెళ్ళి గోడు చెప్పుకున్నాను. ఆమె ఇప్పుడు కర్ర లేకుండానే నాకంటే ముందు నడుస్తోంది. వెనక్కి తిరిగి, చాలా జాలిగా నా కాళ్ళకేసి చూసింది.

"నొప్పి సంగతి తర్వాత జూద్దాం బిడ్డా," అంది. "ముందుగాల ఏ కాలో ఖాయం జేస్కో."