మైకు ముందు మా ఆయన

మా ఆయన ఒలింపిక్స్‌కి వెళ్లొచ్చాకే మా పెళ్లయింది. అక్కడ ఒక్క కుస్తీ పట్టారు, ఓడిపోయారు. దాని గురించి ఎవరడిగినా "అయిపోయింది కదా" అని లేచి వెళ్లిపోయేవారు. నేనూ అడగడం మానేశాను.

ఉత్తరాదిన ఉక్కు కంపెనీలో ఆటల కోటాలో ఆయనకొచ్చిన ఉద్యోగం, అగ్రికో కాలనీలో కంపెనీ క్వార్టరు, రోలింగ్ మిల్లులో రిటైరైన మామగారు, మేమిద్దరం. ముప్ఫై రెండో ఏట మా ఆయన్ని జాతీయ శిబిరానికి పిలవడం మానేశారు. ఆ ఏడాదే ఒక సాయంత్రం ఒక సీడీ తెచ్చి టీవీలో పెట్టారు. తీగల పంజరంలో ఒకడు ఇంకొకడి గుండెల మీద కూర్చుని మొహం మీద గుద్దుతున్నాడు.

"ఏటిది?" అన్నాను.

"కుస్తీ, బాక్సింగ్, కరాటే అన్నీ కలిపిన ఆట. బొంబాయిలో పెడతన్నారు. నన్ను రమ్మన్నారు."

"ఇందులో మీరెవరు? పైనున్నవాడా, కిందున్నవాడా?"

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మామగారు కుర్చీలోంచి లేవకుండానే అన్నారు. "గోదాలో మొహమ్మీద సెయ్యేత్తే తప్పని నేర్పినాను గదరా. ఇప్పుడదే ఖేల్ అంటే ఎలాగరా?" శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో భుయ్యాడీహ్ పేట అఖాడా గోదాలో కుస్తీ పట్టిన మనిషి ఆయన. కొడుక్కి మొదటి గురువు కూడా ఆయనే.

మా ఇద్దరి మాటకీ ఆయన ఆగలేదు. నాలుగు నెలలు డ్యూటీ అవగానే ఊరి పక్కన గమ్హరియాలో ఒక కరాటే మాస్టారి షెడ్డుకి వెళ్లి గుద్దడం, తన్నడం నేర్చుకున్నారు. ఆ నాలుగు నెలలూ నాకు తలకి తగిలే దెబ్బల గురించే ఆలోచన. ఇంటికి రాగానే "పొద్దున ఏం టిఫిన్ తిన్నారు?" అని అడిగేదాన్ని, గుర్తుందో లేదో చూద్దామని. కొన్నాళ్లకి ఆయనకి విషయం అర్థమైంది. గేటు దగ్గరే "ఉప్మా! ఇంక లోపలికి రానిత్తావా?" అని అరిచేవారు.

పోటీ ఒక ఆదివారం మధ్యాహ్నం. నేను వెళ్లలేదు. సెల్‌ఫోన్ ఫ్రిజ్ మీద పెట్టి, దానికి దూరంగా ఉండాలని ఉతికిన బట్టలే మళ్లీ ఉతికాను. మామగారు పేపరు పట్టుకుని కూర్చున్నారు కానీ పేజీ తిప్పలేదు. అయిదింటికి మోగింది.

"ఓడిపోయాను. బానే ఉన్నాను." పెదాలు వాచినవాడి గొంతు.

మూడో రోజు ఇంటికొచ్చారు. ఎడమ కన్ను మూసుకుపోయింది, కనుబొమ మీద కుట్లు. అన్నం దగ్గర మేం అడక్కుండానే మొదలుపెట్టారు.

"నిమిషంలో పడగొట్టీసాను. గుండెల మీద కూర్చున్నాను. అందరూ మార్, మార్, కొట్టు కొట్టు అని అరుత్తన్నారు. వాడు నా మొహంలోకే చూత్తన్నాడు. చెయ్యి లేవనేదు."

"మరేం చేశారు?"

"పట్టు వదిలేశాను. వాడు లేచి నన్ను కొట్టాడు."

మామగారు పెరుగు గిన్నె కొడుకు వైపు జరిపారు.

ఇంకో దెబ్బ తగిలితే ఆ కన్ను దక్కదన్నారు డాక్టరు. ఆ ఆటా పోయింది, కుస్తీ కూడా పోయింది. నా భయం మాత్రం పోలేదు, ఇంకో రకంగా పట్టుకుంది. డ్యూటీ నుంచి వచ్చి వరండాలో కూర్చునేవారు. చీకటి పడినా లైటు వేసుకునేవారు కాదు. పిలిస్తే రెండోసారికి పలికేవారు.

అలాంటప్పుడే ఊళ్లో కొత్తగా ఎఫ్ఎం స్టేషను పెట్టారు. ఆదివారం పొద్దున అరగంట ఆటల గురించి మాట్లాడాలని ఎవరో ఆయన్ని అడిగారు. ఇంట్లోనే రెండు ముక్కలు మాట్లాడని మనిషి ఒప్పుకున్నారు. ఎందుకని అడిగితే "ఖాళీయే కదా" అన్నారు. పంజరంలో ఆయన దెబ్బలు తినడం నేను చూడలేదు. ఈ అవమానం మాత్రం నా చెవులతో వినాలి. రాత్రంతా నిద్ర పట్టలేదు.

వంటింట్లో ట్రాన్సిస్టర్ పెట్టుకుని మామగారూ నేనూ విన్నాం. మా ఆయన కాగితంలో రాసుకున్నదంతా హిందీలో, ఆపకుండా, నోటీసు చదివినట్టు చదివేశారు. పది నిమిషాల్లో అయిపోయింది. తర్వాత ఏమీ లేదు. గరగర శబ్దం తప్ప.

యాంకర్ అమ్మాయి కంగారుగా అడిగింది. "ఒలింపిక్స్‌లో ఏం జరిగింది సర్?"

లేచి వచ్చేస్తారనుకున్నాను. మామగారు స్టూలు అంచుకి జరిగారు.

అప్పుడు మా ఆయన మెల్లగా మొదలుపెట్టారు. గోదా వైపు నడుస్తుంటే నేర్చుకున్న ఒక్క పట్టూ గుర్తు రాలేదట. రెండు నిమిషాలు కూడా నిలబడలేదట. బయటికొచ్చి బస్సులో వెనక సీటు పక్కన కింద కూర్చుండిపోయారట. నాన్న టీవీ ముందు కూర్చుని ఉంటాడు, ఇంటికి ఫోను ఎలా చెయ్యాలి అనేదొక్కటే ఆలోచనట.

"నాకాడ ఒక్కనాడూ సెప్పనేదు," అన్నారు మామగారు.

"నాకూ చెప్పలేదు మావయ్యా."

ఒకాయన స్టేషనుకి ఫోన్ చేశాడు. కూతురు కుస్తీలో ఓడిపోయి రెండు రోజులుగా అన్నం తినడం లేదు, ఏమని ఓదార్చాలి అని. "ఏమీ అడక్కండి. కంచం పట్టుకుని పక్కన కూర్చోండి, చాలు," అన్నారు మా ఆయన.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ "ఎలాగుంది?" అన్నారు.

"మొదట్లో మరీ వేగంగా చదివారు."

మామగారు గొంతు సవరించుకున్నారు. "ఒరే, ఆ రోజు నాను టీవీ కాడ కూకోనేదురా. భయమేసి రోడ్డు మీదకి పోయినాను. పక్కింటోడొచ్చి సెప్పినాకే తెలిసింది."

ఆయన చెప్పు చేత్తో పట్టుకునే తండ్రి వైపు తిరిగారు. "నిజంగా?" అన్నారు.

"నిజంగానేరా."

ఆ కార్యక్రమం నాలుగేళ్లు నడిచింది. ఆయన మాటకారి కాలేదు. మధ్యమధ్యలో ఆగేవారు, సరైన మాట కోసం వెతుక్కునేవారు. ఆగిన ప్రతిసారీ వంటింట్లో నా చేతిలో గరిటె కూడా ఆగిపోయేది.