అయ్యవారు చదవని పేరాలు

అయ్యవారు పోయారన్న కబురు నాకు ఉత్తరంలో రాలేదు. మా ఊరికి వచ్చే చావు కబుర్లూ పెళ్ళి కబుర్లూ ముప్పై ఏళ్ళ పాటు ఆయన చేతి మీదుగానే నడిచాయి. ఆయన కబురు మాత్రం పోయిన నెలలో కోట ఊరి నుంచి వచ్చే బస్సు కండక్టరు మోసుకొచ్చాడు. గూడూరులో మా గనుల ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, "మీ ఊరి అయ్యోరు తెల్లారుజామున పోయినాడంట సార్, బడికి సెలవిచ్చినారు" అన్నాడు. నేను వెంటనే నమ్మలేదు. ఎవరు చెప్పారు, నువ్వు చూశావా, మా అయ్యవారేనా అని గుచ్చి గుచ్చి అడిగాను. అతను విసుక్కుని బస్సెక్కాడు. బస్సు కదిలాక గానీ నాకు ఏడుపు రాలేదు.

అనుమానం మా ఇంటి గుణం. మా అమ్మ పాలు పోయించుకునేటప్పుడు వేలు ముంచి చూస్తుంది. మా మేనమామ గూడూరులో మైకా పలకల్ని రకాలుగా ఏరే పని చేసేవాడు. పలకను వెలుగుకు ఎత్తిపట్టి, భూతద్దం పెట్టి, లోపల మచ్చ ఉందా పగులు ఉందా అని చూడటమే ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక మనుషుల్నీ అట్లాగే చూసేవాడు. అలాంటి ఇంట్లో నాలుగేళ్ళు నా పరువు కాపాడినవారు అయ్యవారు. ఆయన్ని కూడా నేను రెండేళ్ళు అనుమానించాను. ఆ సంగతి మీతో ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆయన మా ఊరి బడికి ఒక్కగానొక్క ఉపాధ్యాయుడు. బడి వసారాలోనే ఒక మూల బల్ల వేసుకుని పోస్టాఫీసు కూడా చూసేవారు. చదువురాని ఇళ్ళకు ఉత్తరం వస్తే సాయంత్రం తనే తీసుకెళ్ళి చదివి వినిపించి, జవాబు కూడా రాసిపెట్టేవారు. కవరు చింపే ముందు చేతులు కడుక్కునేవారు. కళ్ళజోడుకు ఒక పక్క కాడ విరిగిపోతే దారం కట్టుకుని చెవికి చుట్టుకునేవారు. ఎవరింట్లోనూ ఏమీ పుచ్చుకునేవారు కాదు. కాఫీ సరే, మంచినీళ్ళు కూడా. "ఒక ఇంట్లో తాగితే ఇంకో ఇంట్లో తాగలేదేమంటారు, ఎందుకొచ్చిన తంటా" అనేవారు.

నేను యాభై తొమ్మిదిలో గనుల ఇంజనీరింగు చదవడానికి జర్మనీ వెళ్ళాను. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ సేద్యం చూసుకుంటూ నన్ను పెంచింది. మామకు నన్ను పంపడం సుతరామూ ఇష్టం లేదు. అక్కడికి పోయినవాడు మనవాడు కాడని ఆయన నమ్మకం. బయల్దేరే రోజు అమ్మ కర్పూరం వెలిగించి నా చెయ్యి దాని మీద పెట్టించింది. తాగను, ఆడపిల్లల జోలికి పోను అని నాతో ఒట్టు వేయించింది. తర్వాత తన చెయ్యి పెట్టింది. "నువ్వు మాట తప్పకుండా తిరిగొచ్చిందాకా నేను చేప ముట్టను" అంది. సముద్రం నాలుగు మైళ్ళు కూడా లేని మా ఊళ్ళో, చేపల వాసన లేకుండా మధ్యాహ్నమే కాని మా ఇంట్లో, అది ఎంత పెద్ద మాటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

నేను మాట తప్పాను. చదివిన ఊరు చిన్నది. వారమంతా గనుల మ్యాపులు, రాళ్ళ నమూనాలు. శనివారం వస్తే మాత్రం కాళ్ళు నిలిచేవి కావు. నాతో చదివేవాళ్ళు ముగ్గురూ నేనూ రోడ్డు పక్కన బొటనవేలు చూపిస్తూ నిలబడితే లారీల వాళ్ళు ఎక్కించుకునేవాళ్ళు. అట్లా ఆమ్‌స్టర్‌డాం చూశాను, పారిస్ రెండుసార్లు చూశాను. పారిస్‌లో గది దొరక్క రైల్వే స్టేషన్ బెంచీ మీద పడుకున్నాను. నేలమాళిగలో బాకాలు వాయించే చోటుకు మెట్లు దిగి వెళ్ళి చెవులు దిమ్మెక్కేదాకా కూర్చున్నాను. కొలోన్‌లో పండగ రోజుల్లో ఊరు ఊరంతా వేషాలు కట్టి వీధుల్లో చిందులేస్తుంది. అక్కడ ముక్కూ మొహం తెలియని ఒక పిల్ల నా చెయ్యి పట్టుకుని గుంపులోకి లాగింది. తెల్లవారేదాకా ఆడాను. బీరు తాగాను. ఒక గ్లాసని ఇంటికి రాశాను, నిజానికి మూడు.

ఇంటికి ఎందుకు రాశానంటే, ఒట్టు ఎటూ తప్పాను, దాచడం కూడా ఎందుకని నా పట్టుదల. అమ్మ తిడుతుంది, ఏడుస్తుంది, ఆ తిట్లు తింటే నా బరువు దిగుతుంది అనుకున్నాను. కాని జవాబులో తిట్లు లేవు. "నీవు తెల్లవారుజామునే లేచి చన్నీళ్ళ స్నానం చేసి చదువుకుంటున్నావని విని సంతోషించాను" అని ఉంది. పారిస్ నేలమాళిగ గురించి మూడు పేజీలు రాస్తే, "పారిస్‌లో పెద్ద గ్రంథాలయం చూసినావని తెలిసి ఆనందమైనది" అని వచ్చింది. నేను ఆ ఊళ్ళో గ్రంథాలయం గడప తొక్కలేదు.

నాకు అనుమానం పట్టుకుంది. మొదట నా ఉత్తరాలు ఇంకెవరివో ఉత్తరాలతో మారిపోతున్నాయేమో అనుకున్నాను. తర్వాత అయ్యవారు, మామ ఒకటై నా మీద ఏదో కథ నడుపుతున్నారనుకున్నాను. ఒక చలికాలం మంచులో కాలేజీ నుంచి గదికి నడుస్తుండగా అంతకంటే పాడు ఆలోచన వచ్చింది. అమ్మ ఉత్తరాలన్నీ అయ్యవారి దస్తూరీనే, అయ్యవారి మాటలే. అసలు అమ్మ ఉందా? ఆమె పోయిందని తెలిస్తే నేను చదువు మానేసి వస్తానని భయపడి ఆమె పేరుతో ఈయన రాస్తున్నాడా? ఆ రాత్రి నుంచి అన్నం సయించలేదు.

ఒక ఎర వేశాను. తర్వాతి ఉత్తరంలో డాన్సు హాలు వర్ణన నడుమ, బాకాలకూ బీరుకూ మధ్య ఒక్క ముక్క ఇరికించాను. "అమ్మా, ఎర్రావు ఈనిందా?" అని. అమ్మ ఆ పేరా వింటే తప్పకుండా జవాబు చెబుతుంది. ఆవు సంగతి అడిగితే చెప్పకుండా ఉండటం ఆమె తరం కాదు.

జవాబు వచ్చింది. అమ్మ మాటల్లో ఎక్కడా ఆవు లేదు. కాగితం చివరిదాకా వెతికాను. అట్టడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. "ఎర్రావు ఈనింది. పెయ్యదూడ. ఆ పేరా మీ ఇంట్లో చదవలేదు, నేనొక్కణ్ణే చదువుకున్నాను. అమ్మ కులాసా, నీకు నమ్మకం కుదరదని తెలిసి పక్కన ముద్ర వేయించాను." పక్కన నల్ల సిరాతో బొటనవేలి ముద్ర ఉంది. దాన్ని అడ్డంగా కోసుకుంటూ తెల్లటి గీత. వరికోతల్లో కొడవలి తగిలి పడ్డ గాటు అది. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న గాటు. ఆ కాగితాన్ని మొహానికి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వేలిముద్ర ఎందుకని అమ్మ అడిగితే జర్మనీ గవర్నమెంటు అడిగిందని చెప్పారట.

అప్పటి నుంచి ప్రతి ఉత్తరం అడుగునా ఆయనదీ నాదీ వేరే వ్యవహారం నడిచింది. "మీ మామ జేబులో టెలిగ్రాం ఫారం నింపి పెట్టుకుని తిరుగుతున్నాడు. అమ్మకు సీరియస్, వెంటనే బయల్దేరు అని. తేదీ ఒక్కటే ఖాళీ. ఒక్క పేరా ఉన్నదున్నట్టు చదివానా, నీ చదువు ఆ రోజుతో సరి" అని రాశారు. నేను మొండికేసి, అయినా సరే చదవండి, నిజం దాచి బతకలేనని రాశాను. ఆయన జవాబు నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తు. "నీ మనసు తేలిక చేసుకోవడానికి ఆమె మనసు బరువు చేస్తావా? ఉత్తరం ఏ పూట చేరుతుందో రాసేవాడికి తెలియదు. చదివి వినిపించేవాడికి తెలుస్తుంది." ఇంత గంభీరంగా రాసి, దాని కింద, "ఆ డాన్సులో ముందు ఎడమ కాలా, కుడి కాలా? వివరంగా రాయగలవు" అని అడిగారు.

అక్కడ ఇంట్లో ఏం జరిగేదో తర్వాత మామ చెబితే తెలిసింది. ఒకసారి బుద్ధి గడ్డి తిని ఫోటో పంపాను. బల్ల చుట్టూ నలుగురం, ముందు గ్లాసులు. మామ గూడూరు నుంచి తెచ్చిన భూతద్దం తీసి ఫోటోను మైకా పలకలాగా ఎండకు ఎత్తి పట్టుకున్నాడట.

"గ్లాసు మీద నురగేంది అయ్యోరా?"

అయ్యవారు అమ్మ వైపు తిరిగి, "కాసిని మంచినీళ్ళు ఇప్పించమ్మా" అన్నారట. చెంబెడు నీళ్ళూ తాగి, మూతి తుడుచుకుని, "మజ్జిగ. అక్కడ మిషనుతో చిలుకుతారు, నురగ తేలుతుంది" అన్నారట.

"అంత చలిలో మజ్జిగెవురు తాగుతారు?"

"మిరియాలేసి ఇస్తారు."

మామ ఇంకా ఏదో అడగబోతే అమ్మే అడ్డం పడిందట. "మజ్జిగేలే తమ్ముడా. అద్దం లోపల పెట్టు" అని. "ఆ రోజు మూడు చెంబులు తాగినాడు రా మీ అయ్యోరు. నాకప్పుడే అనుమానం" అని మామ ఇప్పటికీ అంటాడు. తేదీ లేని ఆ టెలిగ్రాం ఫారం ఆయన జేబులోనే చిరిగిపోయింది.

చదువు ముగించి ఎండాకాలంలో తిరిగొచ్చాను. గూడూరు ప్లాట్‌ఫారం మీద మామ కావిలించుకునే వంకతో నా నోరు వాసన చూశాడు. ఇంట్లో వంజరం చేప పులుసు, మామిడికాయ వేసి. అమ్మ తనకూ ఒక కంచం పెట్టుకుంది. వసారాలో అయ్యవారు కూర్చుని గోడకేసి చూస్తున్నారు. మాట మీద ఉన్నావా అని అమ్మ అడుగుతుందేమోనని నేను అన్నం కలపకుండా ఆగాను. ఆమె అడగలేదు. ముల్లు తీసి, ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలింది.

మర్నాడు పోస్టాఫీసు బల్ల దగ్గర అయ్యవారు బడి అట్లాసు తీసి పరిచారు. నేను తిరిగిన ఊళ్ళన్నిటికీ పెన్సిల్‌తో చుక్కలు పెట్టి ఉన్నాయి. ఆయన మద్రాసు దాటి ఎరగరు. "ఇప్పుడు చెప్పు, ఆ నేలమాళిగకు ఎన్ని మెట్లు దిగాలి?" అన్నారు. లెక్కపెట్టలేదంటే నొచ్చుకున్నారు. నేను ఊరికి వచ్చిన ప్రతి ఆదివారం ఇదే పని. ఆ నీళ్ళ రహస్యం కూడా అప్పుడే చెప్పారు. "అట్లాంటి పేరా రాగానే నీళ్ళడిగేవాణ్ణి. అమ్మ లోపలికెళ్ళి వచ్చేలోపు వేరే పేరా అల్లుకునేవాణ్ణి" అని.

"అమ్మ నమ్మిందంటారా?" అని అడిగాను.

ఆయన స్టాంపుల మీద ముద్రలు వేసుకుంటూ, "చదవడం వరకే నా పని నాయనా. వినడం ఆమె పని" అన్నారు.

ఆ మాటతో నా అనుమానం తీరలేదు సరికదా, ముదిరింది. అమ్మ మోసపోయి ఆ చేప తిన్నదా? అయితే ఆమె వ్రతం చెడగొట్టింది నేను. అన్నేళ్ళు కడుపు కట్టుకున్న మనిషికి నేనూ అయ్యవారూ కలిసి చేసిన ద్రోహం అది. అడిగే ధైర్యం లేదు. ఇన్నేళ్ళూ ఆమె కంచంలో చేప కనిపించినప్పుడల్లా నేను తల దించుకునేవాణ్ణి.

అయ్యవారి పెద్దకర్మ అయిన మర్నాడు మధ్యాహ్నం అమ్మ రేకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. అందులో నా జర్మనీ ఉత్తరాలన్నీ ఉన్నాయి. "వీటిని అయ్యోరు తప్ప ఎవురూ చదవలా. ఆయన గొంతు మళ్ళా వినలేను గదా. నువ్వు చదువు" అంది. పసుపు మరక పడ్డ కవరు ఒకటి ఏరి ఇచ్చింది. చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టుకుని, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఎండాకాలం కదా, తనకేమో అనుకున్నాను.

చదవడం మొదలుపెట్టాను. కొలోన్ ప్రయాణం అది. వాన, లారీ, డ్రైవరు పెట్టిన రొట్టె, నది మీద పెద్ద వంతెన, అవతల చర్చి గోపురాలు. వంతెన దాటాం. తర్వాతి వాక్యంలో ఆ పిల్ల ఉంది. అక్కడ ఆగాను. ఇంత వయసొచ్చి, ఇంత ఉద్యోగం చేస్తూ, అమ్మ ముందు కూర్చుని, గ్రంథాలయం అందామా, చన్నీళ్ళ స్నానం అందామా అని వెతుక్కుంటున్నాను.

అమ్మ నా వైపు చూడలేదు. చెంబు మాత్రం నా దగ్గరికి జరిపింది.

"తాగు. అయ్యోరు కూడా వంతెన దాటంగానే నీళ్ళడిగేవాడు. ఊళ్ళో ఎవురింట్లోనూ చుక్క ముట్టనోడికి మనింట్లోనే దాహమెందుకో నాకు తెలవదా?"

"నీకు అప్పుడే తెలుసా అమ్మా?"

"ఏం రాసినావో తెలవదు. ఏదో దాటేస్తా ఉండాడని తెలుసు. పాపం, అంత పెద్దాయన నా కోసరం అన్ని నీళ్ళు తాగుతా ఉంటే ఏమనేది?"

ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని అడిగాను. "మరి ఆ రోజు చేప ఎందుకు తిన్నావు?"

"నువ్వొచ్చినావు గదా" అంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, స్తంభానికి సర్దుకుని కూర్చుంది. "ఇంక ఉండేది ఉన్నట్టు చదువు. నీళ్ళయిపోతే మళ్ళా తెస్తా."

నేను చెంబెత్తి సగం తాగాను. మిగిలిన నీళ్ళతో దాన్ని మా ఇద్దరి మధ్య పెట్టి, ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని లాగిన దగ్గర్నుంచి చదవడం మొదలుపెట్టాను.