లువాంగ్వా ఒడ్డున మామిడి తాండ్ర

నిన్న ఇక్కడ న్యూజిలాండ్‌లో లోవర్ హట్ వెళ్లే రైల్లో ఉండగా, ఆక్లండ్ శాండ్రింగ్‌హామ్ నుంచి మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. తెలుగు సంఘం ఉగాది సంచికకు మా జాంబియా సఫారీ మీద వ్యాసం కావాలట. "నువ్వైతే బాగా రాస్తావే. నా పేరు మీద రాసిచ్చెయ్. ఆ ఏనుగు కామెడీ మాత్రం మర్చిపోకు!" అని నవ్వింది. సరే అక్కా అన్నాను. నేనెప్పుడూ అనేది అదే.

మూడేళ్ల కిందట లువాంగ్వా నది లోయకు వెళ్లాం. నీళ్లు తగ్గి, ఒడ్డున బురద పెంకుల్లా పగిలి ఉండేది. నీటిగుర్రాలు పెళ్లిభోజనం చేసిన పెద్దమనుషుల్లా రోజంతా గుర్రుమనేవి. నేను వెళ్లింది మాత్రం ఒక్కదానికోసం: మూడో రోజు పొద్దున గైడు వెంట నది ఒడ్డున కాలినడక. జీపు దిగి, అడవి నేల మీద నా కాళ్లతో నడవాలని స్కూలు లైబ్రరీ రోజుల నుంచీ ఆశ. గైడు మా నాన్న వయసాయన. గుడారాల్లో పండ్లు, తీపి పెట్టొద్దని, ఏనుగులు వాసన పట్టి వస్తాయని వచ్చిన రోజే చెప్పాడు. అక్క బుద్ధిగా తలూపింది. ఆక్లండ్ ఎయిర్‌పోర్టులో తనిఖీలకు భయపడి కరివేపాకు రెబ్బకు కూడా వణికే మనిషి, ఏనుగుకు భయపడలేదు. దారిలో కొన్న మామిడి తాండ్రను, తన బట్టలకు వాసన పడుతుందని, నాకు చెప్పకుండా నా బ్యాగులో నా డైరీ కింద దాచింది.

రెండో రోజు మధ్యాహ్నం అందరం భోజనాల దగ్గరుండగా ఏనుగు వచ్చి మా గుడారం చీల్చింది. అది వెళ్లాక గైడు నా బ్యాగులోంచి చిరిగిన పొట్లం తీసి, ఎవరిదని అడిగాడు. "మా చెల్లిది. చిన్నపిల్ల, తీపంటే ఆగలేదు" అంది అక్క, నవ్వుతూ. నేను వంగి నా డైరీ ఏరుకున్నాను. ఆయన అరవలేదు. గుడారంలో మాట విననివాళ్లను నడకకు తీసుకెళ్లలేనన్నాడు, అంతే. మర్నాడు మిగతావాళ్లంతా వరసగా నది వైపు వెళ్తుంటే కంచె దగ్గర నిలబడి చూశాను. అక్క మెడలో నా బైనాక్యులర్స్ ఉన్నాయి. నడక గురించి రాద్దామని డైరీలో వదిలిన పేజీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. అప్పటినుంచి ఏ ఇంట్లో తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్ జరిగినా, "మా చెల్లి నోరు కట్టుకోలేక ఏనుగును భోజనానికి పిలిచింది!" అని అక్క చెప్పడం, ఆంటీలు నా ప్లేటు వైపు చూసి నవ్వడం.

ఈ పొద్దున వ్యాసం పూర్తిచేశాను. అక్క అడిగినట్టే, అంతా ఆవిడే చెబుతున్నట్టు రాశాను. నీటిగుర్రాలున్నాయి, నది ఉంది, కామెడీ కూడా ఉంది. "తాండ్ర దాచింది నేను. నింద మా చెల్లి మీద వేసి, దాని బైనాక్యులర్స్‌తో నడకకు వెళ్లింది నేను" అని కూడా ఉంది. అక్కకు పంపి, సంచికకు ఇచ్చేముందు ఒకసారి చదువుకోమన్నాను. పది నిమిషాల్లో జవాబు: "నువ్వు రాశాక నేను చదివేదేముందే! ఎడిటర్ అంకుల్‌కి పంపేశా." నాలో జాలి ఏమైనా మిగిలిందేమోనని వెతుక్కున్నాను, దొరకలేదు. రోజులు గడిస్తే కోపం చల్లబడుతుందని అందరూ అంటారు. నా కోపం మాత్రం ఈ మూడేళ్లూ కూర్చుని రాయడం నేర్చుకుంది.