నత్తకు మేలు చేసిన టీ

ఆ రోజు బోర్డు మీద నత్త బొమ్మ గీశాను. శ్వాసరంధ్రం పక్కన పేరు రాయబోతే గుర్తు రాలేదు. ఏళ్ల తరబడి చెబుతున్న పాఠం! ముందు బెంచీలోంచి శిరీష మెల్లగా అందించింది. పిల్లలు నవ్వినా బాగుండేది. జాలిగా చూశారు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

పినపాక దగ్గర కాలేజీలో జువాలజీ చెబుతాను. మతిమరుపుతో పాటు నీరసం, మగత. బుర్ర పోతే కొలువు పోయినట్టేనని హడలిపోయాను. భద్రాచలం దవాఖానాలో రక్తపరీక్షలు చేశారు.

"టీఎస్‌హెచ్ బాగా ఎక్కువుందమ్మా. అంటే థైరాయిడ్ తక్కువున్నట్టు. దాంతోని మతిమరుపు వస్తది. రోజూ పరగడుపున టాబ్లెట్ వేసుకోండ్రి" అన్నారు డాక్టర్ గారు.

ఊరుకుంటే నేనెలా అవుతాను? నీళ్లలోంచి గాలి కోసం పైకొచ్చి శ్వాసరంధ్రం తెరిచిన నత్తను పుల్లతో తాకుతూ ఉంటే, తెరవకూడదని నేర్చుకుంటుంది. గ్రీన్ టీలో ఉండే ఒక పదార్థం కలిపిన నీటిలో నేర్పితే, ఆ పాఠం ఎక్కువసేపు గుర్తుంటుందని చదివాను. నత్తకు పనిచేసింది నాకు చేయదా అనుకుని, గ్రీన్ టీ చిక్కగా కాచి దాంతోనే గోలీ మింగేదాన్ని. జ్ఞాపకశక్తికే కాదు, అన్ని రోగాలకూ ఇదే మందని క్లాసులో గొప్పలు కూడా పోయాను.

మళ్లీ పరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ దిగలేదు. డోసు పెంచినా అంతే.

"గోలీ దేనితోని వేసుకుంటున్నరమ్మా?" అని డాక్టర్ గారు అడిగారు. చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. "టీతోని వేస్తే మందు ఒంటికి సరిగ్గ పట్టదు. నత్తలకైనట్టే మనుషులకైతదని ఎవరు చెప్పిన్రు? సదువు చెప్పేటోళ్లు, మీరే గిట్ల చేస్తరా?"

మంచినీళ్లతో వేసుకోవడం మొదలుపెట్టాక మనిషినయ్యాను. ఈ సంగతి క్లాసులో చెప్పడానికి మాత్రం పరువు అడ్డొచ్చింది.

ఓ రోజు శిరీష వచ్చింది. "మేడం, మా అమ్మకు కళ్లు తిరుగుతున్నయి. బీపీ గోలీలు బంద్ చేసి మీరు చెప్పిన టీయే తాగుతుంది."

వెంటనే వాళ్లింటికి వెళ్లి, ఆమెను ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లాను.

"అంత సదువుకున్న మేడం చెప్పిందంటే మంచిదే అనుకున్న" అంది దారిలో.

"తప్పు నాదమ్మా" అన్నాను. మర్నాడు క్లాసులోనూ అదే చెప్పాను.

ఇప్పుడు ఆమె బీపీ అదుపులో ఉంది, నాకూ పేర్లు గుర్తుంటున్నాయి. మీరు తినే ఆకైనా, తాగే కషాయమైనా ముందు డాక్టరుకు చెప్పండి. ఆ తర్వాతే పక్కవాళ్లకు.

మొన్న డాక్టరు గోలీ మారిస్తే శిరీష వాళ్లమ్మ నాకు ఫోన్ చేసింది. "మేడం, ఏసుకోమంటవా? నువ్వు చెప్తెనే ఏసుకుంట." ఇంకా నన్నే నమ్ముతోంది. ముఖం ఎక్కడ దాచుకోను?