దీవి నుంచి రాని అంకెలు

మా ద్వీపదేశానికి స్వాతంత్ర్యం రావడానికి రెండేళ్ల ముందు నేను వాతావరణ కార్యాలయంలో గుమాస్తాను. ఉత్తరాన, నడిసముద్రంలో ఉన్న ఒక చిన్న పగడపు దీవి నుంచి మూడు గంటలకోసారి గాలి వేగం, వాయుపీడనం వైర్‌లెస్‌లో వచ్చేవి. వాటిని రిజిస్టర్‌లో ఎక్కించి భద్రపరచడం నా పని. అక్కడ బారోమీటరు చూసి ఆ అంకెలు పంపేది మా అన్నయ్యే.

ఒక ఫిబ్రవరిలో తుఫాను ఆ దీవి వైపు మళ్లింది. ఉదయం ఆరింటికి పీడనం పడిపోయింది, తొమ్మిదింటికి ఇంకా దిగింది. పన్నెండింటికి ఏమీ రాలేదు. మా ఆపరేటర్ సాయంత్రం దాకా పిలుస్తూనే ఉన్నాడు. గరగర తప్ప ఇంకేమీ వినిపించలేదు.

ఆ ఆదివారం బెల్ ఎయిర్ ఊళ్లోని మా ఇంటికి వెళ్తే, అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపింది.

"అన్న మెసాజ్ వచ్చిందా?"

"యాంటెన్నా పడిపోయింటాది, మా."

"నీకు తెలుసా? నాకోసం చెప్తున్నావా?"

నేను చెప్పులు విప్పే వంకతో తల దించుకున్నాను.

నెలాఖరు వచ్చింది. మేమంతా గౌరవంగా మిస్యే అని పిలిచే పెద్ద గుమాస్తా నా బల్ల దగ్గరికి వచ్చి, "ముందటి అంకెలు చూసి అంచనా వేసి ఖాళీ గళ్లు నింపెయ్," అన్నాడు. కలం తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టేశాను. ఆ గడిలో అంకె వేస్తే, ఆ పూట అన్నయ్య బతికే ఉన్నాడని నేను కల్పించి రాసినట్టు ఉంటుంది.

"నేను రాయలేను, మిస్యే."

ఆయన రిజిస్టర్ మూసేశాడు. "సరే. సహాయానికి వెళ్లిన బాతో వచ్చేదాకా ఆగుదాం."

ఆ ఓడ నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చింది. రేవులో అమ్మ నా మోచెయ్యి నొప్పెట్టేలా పట్టుకుంది. అన్నయ్య చేతికి కట్టుతో దిగాడు. రెండో చేతిలో, మైనపు గుడ్డలో చుట్టిన నోటుపుస్తకం.

వైర్‌లెస్ గది కప్పు ఎగిరిపోతే, బారోమీటరు తీసుకుని దీవిలోని జాలర్లతో కలిసి ఖాళీ నీళ్ల తొట్టిలో దూరాడట. అక్కడా మూడు గంటలకోసారి పెన్సిల్‌తో రాశాడు. బారోమీటరు చోటు మారిందని అంచున గుర్తు కూడా పెట్టాడు.

మొదటి రోజు మధ్యాహ్నం మూడింటి గడి మాత్రం ఖాళీ.

"ఇదేంటి?" అన్నాను.

"ఒకాయన బయట ఉండిపోయాడు, చెల్లీ. లాగబోయాం. అందలేదు."

తడిసిన పేజీలను ఆఫీసులో తాడు మీద ఆరేసి, అన్నీ రిజిస్టర్‌లోకి ఎక్కించాను. మూడింటి గడి గురించి పెద్ద గుమాస్తా ఏమీ అడగలేదు. అది అలాగే ఉండిపోయింది.

చెయ్యి నయమయ్యాక అన్నయ్య మళ్లీ ఆ దీవికే వెళ్లాడు. బయల్దేరే ముందు వారం రోజులూ అమ్మ అతనితో మాట్లాడలేదు.