పిల్లలే అనుకున్న చేపలు

ఈ వేసవిలో సముద్రం మీద వేట ఆపిన రోజుల్లో, గిలకలదిండి నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆమె తట్టలో చెరువు చేపలు వేసుకుని వచ్చింది. బందరులో పుట్టి, ఉద్యోగమంతా గుడివాడలో చేసి, మావారు పోయాక మళ్ళీ బందరు చేరిన నాకు, ఈ ఊళ్ళో గుమ్మం ముందు చెరువు చేపను చూడడం ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. జానెడు పొడుగు శీలావతులు. లేత పిల్లలమ్మగారూ, ముల్లు కూడా మెత్తగా ఉంటుంది, తీసుకోండి అని ఆమె ఒకదాన్ని ఎత్తి చూపించింది. నేను దాని తల చూశాను. ఒంటికి సరిపడని పెద్ద తల, లోపలికి పోయిన పొట్ట, కండలేని వీపు. అది పిల్ల కాదు, ఏళ్ళు వచ్చీ పెరగని చేప. ఆమె అబద్ధమాడిందని అనను, చెరువు వాళ్ళు ఆమెకు అలాగే చెప్పి ఉంటారు. వద్దని చెప్పి లోపలికి వచ్చాను గాని ఆ పూట ఇక ఏ పనీ సాగలేదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నతనంలో వరద వచ్చిన ఏడాది కొల్లేటి నుంచి వచ్చే కొర్రమీను మోచేతి పొడుగుండేది, అదే జాతి చేప ఎండాకాలం దొరువు గుంటలో మిగిలిపోతే వేలెడంత కూడా దాటేది కాదు. పశువైనా మనిషైనా ఒక వయసుకు ఒక ఎత్తుకు వచ్చి ఆగుతారు. చేపకు అలాంటి హద్దు గట్టిగా లేదు. నీళ్ళు ఎక్కువుంటే, తిండి ఉంటే, పక్క చేప మరీ ఒరుసుకోకుండా ఉంటే బతికినన్నాళ్ళూ ఎంతో కొంత పెరుగుతూనే ఉంటుంది. నీళ్ళు తగ్గి, ఉప్పెక్కి, వేడెక్కితే ఉన్నచోటే ఆగిపోతుంది. ఆగిపోయినా చావదు. ఈ సంగతి నేను హైస్కూలు పిల్లలకు ఏటా చెప్పేదాన్ని. పాఠంలో అది ఒక పేరా కూడా ఉండేది కాదు.

మా అత్తవారి పొలం గుడివాడకూ నందివాడకూ మధ్యన. అన్నదమ్ములిద్దరివీ పక్కపక్క చేలు, మధ్యలో ఒకటే గట్టు. బావగారు వరి తప్ప వేరే మాట వినని మనిషి. మావారు అలా కాదు, కొత్తది ఏది విన్నా వెళ్ళి చూసొచ్చేవారు. తొంభైల చివర మా చుట్టుపక్కల చేలు ఒక్కొక్కటీ చేపల చెరువులవుతుంటే ఆయన కూడా తన భాగంలో ఒక పెద్ద చెరువు, ఒక చిన్న చెరువు తవ్వించారు. మధ్య గట్టు ఎత్తు చేసి, వెడల్పు చేసి, దాని మీద అరటి పెట్టారు. మొదటి పంట బాగా వచ్చింది. ఆ రోజు వల లాగుతుంటే చేపలు మోకాలెత్తు ఎగిరి పడడం, బావగారు గట్టు మీద నిలబడి నవ్వాపుకోలేకపోవడం నేను కళ్ళారా చూశాను.

కాని చెరువులో నిండా నీళ్ళుంటే పక్క చేనికి ఊట దిగుతుంది. బావగారి చేను కోతల నాటికి కూడా ఆరలేదు. కోసిన పనలు బురదలో మొలకలెత్తాయి. ఆయన గొడవ పడలేదు. మా ఇంటికి వచ్చి, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి చెప్పారు.

“ఒరేయ్, ఇంకొక్క పంట చూస్తాను. నీ చేప కిలో తూగిందా, నా చేను కూడా తవ్వేద్దాం, ఇద్దరం చేపలే పెంచుదాం. తూగలేదా, ఈ గట్టు కొట్టేసి నువ్వు మళ్ళీ వరి వెయ్యాలి. మధ్యలో నేను కుళ్ళిపోలేను.”

“తూగుతుందన్నయ్యా,” అన్నారు మావారు.

ఆ ‘తూగుతుంది’ అనే మాట మీదే మా ఇంట్లో ఆ తరువాత కొన్నేళ్ళు గడిచాయి.

చేపల వాళ్ళ పని తీరు ఒకటి ఇక్కడ చెప్పాలి. గుడ్డు నుంచి వచ్చిన పిల్లను నేరుగా పెద్ద చెరువులో వదలరు. చిన్న చెరువులో కిక్కిరిసి వేసి, ప్రాణం నిలిచేటంత తవుడు మాత్రమే చల్లి, ఏడాది పాటు పెరగనివ్వకుండా ఆపుతారు. అలా ఆపిన పిల్లను పెద్ద చెరువులోకి మార్చి, చిల్లుల సంచుల్లో తవుడూ నూనె చెక్కా కలిపి వెదురుగడలకు కట్టి కడుపునిండా పెడితే, పోగొట్టుకున్న కాలాన్ని అందుకోవాలన్నట్టు లేస్తుంది. మొదటి పంట అలాగే వచ్చింది. వరి రైతుకు ఇందులో వింతేమీ లేదు, నారు పోసి నాటడం లాంటిదే. పెద్ద చెరువు ఎండగట్టి, ఆయన రెండో పంటకు పిల్లను చిన్న చెరువులో ఆపి ఉంచారు. వచ్చే సార్వాకు, అంటే వానాకాలం పంటకు, కాలువ వదలగానే మార్చాలి.

ఆ ఏడాది కాలువ రాలేదు. రెండువేల సంవత్సరం దాటాక కృష్ణలో నీళ్ళు లేని ఏళ్ళు మన జిల్లావాళ్ళెవరూ మరిచిపోయి ఉండరు. సార్వా నాట్లు లేవు, మా వైపు తాగడానికి కూడా ట్యాంకర్లు వచ్చాయి. బావగారి చేను నెర్రెలు విచ్చింది, కనుక ఊట గొడవా లేదు, గట్టు మాటా లేదు. మావారు చిన్న చెరువును కాపాడుకోవడానికి బోరు వేయించారు. ఆ నేలలో బోరు నీళ్ళు ఉప్పన. చేప చావకుండా ఉంటుంది, అంతే. పిల్లను అమ్మేద్దామంటే అందరి చెరువులూ ఎండి ఉన్నాయి, కొనేవాళ్ళు లేరు. వదిలేద్దామంటే ఆయనకు మనసొప్పలేదు. ఎంత ఆపితే అంత లేస్తుందని ఎవరో చెప్పిన మాట ఆయన గట్టిగా పట్టుకున్నారు. ఇంకొక వేసవి కూడా ఆపారు.

ఆ వేసవి సెలవుల్లో నేను పొలంలోని షెడ్డులోనే ఉన్నాను. పొద్దున్నే ఆయన గట్టు మీద నడుస్తుంటే అడుగుల చప్పుడుకు నీళ్ళన్నీ నోళ్ళయ్యేవి. అంత చిన్న నీళ్ళలో అన్ని నోళ్ళు తెరుచుకోవడం చూడబుద్ధి వేసేది కాదు. ఆయన ఒక పిల్లను పట్టి అరచేతిలో పరుచుకుని, తోక మణికట్టు దాకా వస్తుందేమో చూసి, మళ్ళీ నీళ్ళలో వదిలేవారు. తోక అక్కడికి రాలేదు. రాకపోవడమే మంచిదని ఆయన నాతో చెప్పేవారు. పిల్లలేనోయ్, నీళ్ళు రానీ, చూద్దువుగాని. మెలకువ వచ్చింది మొదలు ఎవరు ఎదురైనా అదే మాట, పిల్లలే, పిల్లలే అని.

బావగారు మాత్రం సాయంత్రాలు వచ్చి గట్టు మీద కూర్చుని అదోలా చూసేవారు. ఒకరోజు అననే అన్నారు.

“నారు ముదిరితే నాటినా పిలకలు వెయ్యదురా. నీ చేపకి మాత్రం వేరే చట్టం ఉందా?”

“వరి వేరు, చేప వేరు అన్నయ్యా.”

“ఏమోరా. బురదలో పెరిగేవేగా రెండూ.”

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

తొలకరి పడింది. కాలువ మాత్రం ఇంకా వదల్లేదు. ఆ ఆదివారం బావగారూ, మా తోడికోడలూ భోజనానికి వచ్చారు. చాలా రోజులకు వాన పడిన సంతోషంలో మావారు చిన్న చెరువులో చేతివల విసిరి నాలుగు చేపలు తెచ్చిచ్చారు. మా తోడికోడలు కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను.

“చెల్లాయ్, ఇటు రా ఒకసారి.”

వెళ్ళి చూశాను. జానెడు కూడా లేని చేప, దాని కడుపు కోస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా గుడ్లు.

“పిల్ల పిల్ల అంటాడు మీ ఆయన,” అంటూ ఆవిడ ఒకటే నవ్వు. “ఇది నాకంటే ముందు అమ్మమ్మ అయ్యేట్టుందే!”

రెండోదీ కోసింది. అందులోనూ గుడ్లే. నవ్వు వినబడి బావగారు తొంగి చూశారు.

“ఏరా, నీ పిల్లలకి పురుడెప్పుడు పోస్తున్నావ్?”

మావారు అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నారు. దగ్గరకు వచ్చి కూర్చుని, మిగిలిన రెండింటినీ తనే కోశారు. అది చూసి మా తోడికోడలు నవ్వాపేసింది. బావగారు గొంతు తగ్గించి, సరేలేరా, లే, అన్నం తిందాం అన్నారు. తిన్నాం. కూర ఎలా ఉందో నాకు గుర్తులేదు.

నాకు అప్పుడే అర్థమైంది, ఆయనకూ అర్థమైంది. ఆకలితో, ఉప్పునీళ్ళలో, ఒకదాని మీద ఒకటి పడి బతుకుతూనే ఆ చేపలకు వయసు వచ్చేసింది. ఒళ్ళు ఆగింది గాని కాలం ఆగలేదు. ఇందులో మనుషుల బతుక్కు పోలిక ఉందని తరువాత ఎవరెవరో నాతో అన్నారు. నేను ఒప్పుకోను. అది చేపల సంగతి, ఆయన సంగతి, నాకు అంతకు మించి అక్కర్లేదు.

సార్వా దాటబోతుండగా కాలువ వచ్చింది. పెద్ద చెరువు నింపి చేపలను మార్చారు. సంచులు నిండుగా కట్టారు. తిన్నాయి. కొన్నాళ్ళు ఒళ్ళు కూడా చేశాయి, ఆయన ముఖం తేటపడింది. ఆ తరువాత తిండి తింటున్నా, మంచినీళ్ళలో ఉన్నా, ఎదుగుదల ఆగింది. అన్ని చేపలకూ ఇలా జరుగుతుందని నేను అనను, అంతకన్నా తక్కువ కాలం ఆపినవి చక్కగా లేచిన చెరువులు మా పక్కనే ఉన్నాయి. మావి లేవలేదు. వల లాగించి చూసిన రోజున చేప కిలోకు సగం కూడా లేదు. అందరూ బావగారి వంక చూశారు. ఆ ఏడాది కాలువ రావడంతో ఊట మళ్ళీ ఆయన చేలోకి దిగుతోంది. గట్టు కొట్టెయ్యమనడానికి ఆయనకు మాట ఉంది, హక్కు ఉంది.

ఆయన వలలోని చేపల్ని చాలాసేపు చూసి, “నీళ్ళు లేనిదానికి నువ్వేం చేస్తావురా. ఇంకో పంట చూడు. మంచి పిల్ల తెచ్చి వెయ్యి,” అన్నారు.

మావారు తల అడ్డంగా ఊపారు. మర్నాడు పొద్దున నేను బడికి వెళ్ళకుండా ఆయన వెంట వెళ్ళాను. పార తీసుకుని మురుగుకాలువ వైపు కట్ట తెగ్గొట్టారు. నీళ్ళతో పాటు చేపలన్నీ అటే పోయాయి. ఆ మురుగు బుడమేరులో కలుస్తుంది, బుడమేరు కొల్లేట్లో కలుస్తుంది. వలేసి పట్టుకుందామని కూలీలు అడిగితే వద్దన్నారు. ఆ తరువాత మధ్య గట్టు మీదికి వెళ్ళి, అరటి నరికి, అక్కడా గండి కొట్టారు. బావగారు తన చేలో నిలబడి, ఒరేయ్ ఆగరా, ఆగమంటే వినవేంరా అని అరుస్తూనే ఉన్నారు.

“కొల్లేట్లో పెరుగుతాయంటావా?” అని మావారు నన్నడిగారు, చెమట తుడుచుకుంటూ.

“నీళ్ళు మారితే కొంత పెరుగుతాయండీ,” అన్నాను. తెలిసిందే చెప్పాను.

“కొంత,” అని ఆయన ఆ మాటనే మళ్ళీ అని, పార భుజాన వేసుకున్నారు. “నా చేతిలో ఉన్నన్నాళ్ళూ పిల్లలే, పిల్లలే అన్నాను. ఇంకో ఏడాది ఆ మాట అనలేనోయ్.”

వరి వేశారు. బోరు ఉప్పు దిగిన చోటల్లా పైరు ఎర్రబారి పోయింది, మిగిలిన చోట ఓ మాదిరిగా పండింది. ఆయన దాని గురించి మాట్లాడేవారు కాదు. అన్నదమ్ముల మధ్య మాట చెడలేదు, కాని మునుపటి వేళాకోళం పోయింది. నాలుగేళ్ళు తిరక్కుండానే, పొలం నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు.

ఆయన పోయిన తరువాతే బావగారు తన చేను తవ్వించారు. నా భాగం కూడా కలుపుకుంటానని నన్ను అడగడానికి వచ్చారు. వాడు ఒక్క పంట ఆగి ఉంటేనమ్మా అన్నారు. నేను సరేనన్నాను. ఇప్పుడు బావగారూ లేరు. ఎవరో కౌలుకు చేస్తున్నారట.

మొన్న శీతాకాలం నందివాడ వైపు పెళ్ళికి వెళ్తూ బస్సులోంచి చూశాను. దారికి అటూ ఇటూ వరి అన్నది కనిపించలేదు, కనుచూపు మేర నీళ్ళే, నీళ్ళను చిలికే చక్రాలే. మేత కొనుక్కొస్తున్నారు, యంత్రాలు పెట్టి నీళ్ళలోకి గాలి ఎక్కిస్తున్నారు, చేప అనుకున్న నెలకు అనుకున్న బరువు తూగుతోందని పక్క సీటాయన చెప్పాడు. మంచిదే. ఆకాశం వంక, కాలువ వంక చూస్తూ కూర్చునే పని చాలావరకు తప్పింది. మా చేలు వచ్చే చోట కిటికీలోంచి వంగి వెతికాను. రెండు చేలూ ఒకటే చెరువైపోయాయి. ఉండాలని ఒకరు, పోవాలని ఒకరు, ఆ తరువాత పోవద్దని ఒకరు, పోవాల్సిందేనని ఒకరు పట్టుబట్టిన మా గట్టు ఎక్కడో ఆ నీళ్ళ అడుగున ఉండాలి. ఆ చెరువులో ఇప్పుడు చేప కిలో దాటి తూగుతుందంటే ఆయన సంతోషించేవారో, లోపల్లోపల ఇంకా కుంగిపోయేవారో నాకు తెలియదు. ఇన్నేళ్ళు కలిసి బతికిన మనిషి గురించి ఆ మాత్రం చెప్పలేకపోవడం ఏమిటని అనిపించింది. బస్సు ఆ చెరువు దాటేసరికి పక్కాయన ఎక్కడ దిగుతారండీ అని అడిగాడు, ఇంకా ముందుకే అని చెప్పాను.